రాయి అరగనివ్వండి, ఉలి నిలబడుతుంది

(విజయవాడలో వడ్రంగి పనివారి ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పెద్ద మేస్త్రులకి, గుమ్మం దగ్గర నిలబడ్డ కుర్రాళ్ళకి కూడా. లోపలికి రండి నాన్నా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ల చప్పుడుకి మాట వినపడకపోతే చెయ్యెత్తండి, గట్టిగా చెబుతాను.

నన్ను మాట్లాడమన్నది పనిముట్ల పదును గురించి. అది పెద్ద సంగతి. రంపం పళ్ళకి ఆకురాయి పట్టడం ఉంది, ఆయిల్ రాయి మీద నూరడం ఉంది, తోలు మీద సాపు చెయ్యడం ఉంది. అన్నీ ఒక పూటలో తెమలవు. అందుకని ఒక్క దాన్నే పట్టుకుంటాను: గ్రైండర్‌కి వేసుకునే రాయి. కొట్టుకి వెళ్ళి ఏ రాయి అడగాలి, తెచ్చుకున్నాక దాన్నెలా చూసుకోవాలి. ఇదెందుకు ఎంచుకున్నానంటే, మన పనిలో ఉలి పాడైందంటే సగం సార్లు ఆ తప్పు చెక్కది కాదు, గ్రైండర్ రాయిది.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని. మా మావయ్య దగ్గరే నేర్చుకుంటున్నాను. ఆయనకి ఒక అంగుళం ఉలి ఉండేది, కమ్మరి కొలిమిలో సాగదీసి చేయించుకున్నది. తుమ్మ పిడి, ఆయన అరచెయ్యి పడీ పడీ నల్లగా నిగనిగలాడేది. ఒక మధ్యాహ్నం ఆయన అన్నానికి వెళ్ళినప్పుడు, ఉలి మొద్దుబారింది కదా, వచ్చేసరికి పదును పెట్టి ఉంచుదామని గ్రైండర్ దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆ గ్రైండర్ వెల్డింగ్ పనికి పెట్టింది. బూడిద రంగు రాయి, అరిగి అరిగి నున్నగా అద్దంలా ఉంది. ఉలి ఆనించాను. కోత పడటం లేదు. ఇంకాస్త నొక్కాను. రవ్వలు వస్తున్నాయి కదా, పని అవుతోందనుకున్నాను. తీసి చూస్తే అంచున నెమలి మెడ రంగు నీలం, దాని వెనక ఊదా, ఆ వెనక ఎండుగడ్డి రంగు.

మావయ్య వచ్చి చూశాడు. తిట్టలేదు. ఉలిని వెలుతురులోకి పట్టుకుని, ఆ నీలం మీద బొటనవేలు రాసి, "మెత్తబడిపోయిందిరా" అన్నాడు. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. ఆ నీలం ఉన్న మేర, ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) పైనే, మొత్తం అరగదీస్తే గానీ మళ్ళీ గట్టి ఉక్కు రాలేదు. గరుకు రాయి మీద నీళ్ళు పోసుకుంటూ, చేత్తో, మూడు రోజులు నాతోనే అరగదీయించాడు. ఆ మూడు రోజుల్లో ఒకటే ఆలోచించాను. నేను పెట్టింది పదునే కదా, మరి ఎక్కడ తప్పు జరిగింది?

తప్పు ఇక్కడ జరిగింది. మన ఉలులు, చిత్రిక బ్లేళ్ళు ఎక్కువగా కార్బన్ స్టీలు. ఆ ఉక్కుని ఎర్రగా కాల్చి, ముంచి, గట్టి చేస్తారు. అప్పుడది గాజులా పెళుసుగా ఉంటుంది. అందుకని మళ్ళీ 200 డిగ్రీల చుట్టుపక్కల వేడి చేసి కాస్త తట్టుకునేలా తెస్తారు. దాన్నే టెంపర్ అంటాం. తర్వాత ఎప్పుడైనా ఆ వేడిని మించి పోయిందంటే, ఉక్కు మెత్తబడటం మొదలవుతుంది. గడ్డి రంగు వచ్చిందంటే 220, 230 డిగ్రీలు తగిలినట్టు. నీలం వచ్చిందంటే 300 దగ్గరికి పోయినట్టు. చన్నీళ్ళలో ముంచినా పోయిన గట్టిదనం తిరిగి రాదు. పైగా ఉలి అంచు కాగితమంత పలుచన. వేడి పారడానికి అక్కడ లోహమే లేదు. వెనక మీ వేలికి గోరువెచ్చగా తగిలేసరికి అంచు ఎప్పుడో కాలిపోయి ఉంటుంది.

కాబట్టి మనకి కావలసింది తక్కువ వేడితో కోసే రాయి. అది ఎలా ఉంటుందో తెలియాలంటే రాయి లోపల ఏముందో చూడాలి.

వేరుశెనగ చెక్క అందరం తిన్నవాళ్ళమే. పప్పులుంటాయి, వాటిని పట్టి ఉంచే బెల్లం పాకం ఉంటుంది. గ్రైండింగ్ వీల్ అచ్చం అలాంటిదే. కోసే పలుకులు పప్పులు, వాటిని పట్టి ఉంచే బాండ్ పాకం. పాకం లేతగా తీస్తే చెక్క చేత్తో విరుగుతుంది. ముదురు పాకమైతే పళ్ళు కదలాల్సిందే. కొట్లో 'హార్డ్' రాయి, 'సాఫ్ట్' రాయి అన్నప్పుడు వాళ్ళు చెప్పేది ఈ పాకం గురించి. పలుకు రెండిట్లోనూ గట్టిదే.

ఇప్పుడు ఈ మాట కొంచెం జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఇది మన మామూలు తెలివికి ఎదురు నడుస్తుంది. ఉక్కు గట్టిది కాబట్టి గట్టి రాయి కావాలనుకుంటాం. జరిగేది వేరు. గట్టి ఉక్కుని కోసే కొద్దీ పలుకుల మొన మొద్దుబారుతుంది. మెత్తటి రాయి అయితే, మొద్దుబారిన పలుకుని లేత పాకం ఎక్కువసేపు పట్టి ఉంచలేదు, వదిలేస్తుంది. కింద నుంచి కొత్త పలుకు, కొత్త మొన బయటికి వస్తుంది. గట్టి రాయిలో ముదురు పాకం ఆ మొద్దు పలుకుని వదలదు. మొద్దు పలుకులన్నీ అలాగే ఉండి, రాయి నున్నబడి, ఉక్కుని కొయ్యకుండా రాస్తుంది. రాపిడి అంటే వేడి. నేను మావయ్య ఉలి కాల్చింది అలాంటి రాయి మీదే. ఇనుప కమ్మీలకి, యాంగిల్ ముక్కలకి అది సరైన రాయే. మెత్తటి ఇనుముకి పలుకు అంత తొందరగా మొద్దుబారదు కాబట్టి వాళ్ళకి గట్టి పాకం లాభం. మన పనికి అది పనికిరాదు.

రాయి పక్కన కాగితం అంటించి ఉంటుంది, చూడండి. ఇది నేను తెచ్చింది. దీని మీద డబ్ల్యూఏ 60 కె 5 వి అని ఉంది. కొట్టువాడికి రంగు చెప్పి అడగకండి, ఈ అక్షరాలు చెప్పి అడగండి.

మొదటిది పలుకు జాతి. ఏ అంటే అల్యూమినియం ఆక్సైడ్. డబ్ల్యూఏ అంటే అందులో తెల్లది, కల్తీ తక్కువున్నది. బూడిద రంగు దానికంటే ఇది తేలిగ్గా చిట్లి కొత్త మొన ఇస్తుంది. సి అంటే సిలికాన్ కార్బైడ్, ఆకుపచ్చదైతే జిసి. అది టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్క అతికించిన పనిముట్లకి. మన ఉలి ఉక్కు మీద వేస్తే రాయి అరగడమే గానీ పని జరగదు. గులాబీ రంగుది కూడా వస్తుంది. అది అల్యూమినియం ఆక్సైడ్‌లో కాస్త క్రోమియం కలిసింది, తెల్లదాని కంటే కొంచెం గట్టి పలుకు. మన పనికి అదీ నడుస్తుంది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఈ అల్యూమినియం ఆక్సైడ్ భూమిలో దొరికితే దాని పేరు కురువిందం. మన పాత మాట. రత్నాలు సాన పట్టేవాళ్ళు కురువిందం పొడిని కరిగించిన లక్కలో కలిపి చక్రాలు చేసుకునేవాళ్ళు. ఇంగ్లీషు వాళ్ళు కోరండం అనేది మన దక్షిణాది వాళ్ళ మాటలోంచి వెళ్ళిందే. పలుకుని జిగురులో పట్టి తిప్పడం మన నేలకి కొత్త విద్య కాదని మా కుర్రాళ్ళకి ఎప్పుడూ చెబుతుంటాను. ఇక మన పెద్దవాళ్ళు ఏ రాయినైనా 'కార్బొరండం రాయి' అనడం అలవాటు. అది 1891లో అమెరికాలో అచిసన్ అనే ఆయన కృత్రిమంగా వజ్రం చేద్దామని మట్టీ, బొగ్గుపొడీ కలిపి కరెంటుతో కాలిస్తే వచ్చిన సిలికాన్ కార్బైడ్‌కి పెట్టిన పేరు. మద్రాసులో కార్బొరండం యూనివర్సల్ కంపెనీ 1954లో మొదలైంది. ఆ పేరు మన కొట్లలో అలా నిలిచిపోయింది. అందుకే కొట్లో కార్బొరండం అని అడిగితే ఏది ఇస్తాడో తెలియదు.

రెండోది 60. పలుకు సైజు. అంకె పెరిగే కొద్దీ పలుకు సన్నం. గ్రైండర్‌తో పాటు సాధారణంగా 36, 60 వస్తాయి. 36 మన ఉలులకి మరీ గరుకు, అంచు పళ్ళుపళ్ళుగా వస్తుంది. 60 అయితే విరిగిన అంచు సరిచెయ్యడానికీ, మామూలు పదునుకీ రెండిటికీ సరిపోతుంది. సన్న ఉలులు ఎక్కువుంటే 80. వంద, నూట ఇరవై అంటూ ఇంకా సన్నానికి పోకండి. నున్నగా వస్తుందని అనిపిస్తుంది గానీ, సన్న పలుకుల మధ్య ఖాళీ తక్కువ, ఇనుప పొడి నిండిపోయి రాయి తొందరగా మూసుకుపోతుంది, మళ్ళీ వేడి. నునుపు తేవడం ఆయిల్ రాయి పని.

మూడోది కె. ఇదే పాకం. ఏ నుంచి జెడ్ దాకా, ముందు అక్షరాలు మెత్తన, వెనక్కి వెళ్ళే కొద్దీ గట్టి. మనకి హెచ్ నుంచి కె లోపల ఉండాలి. ఎమ్ దాటిందంటే పక్కన పెట్టేయండి. తెల్లరాయి అంటే చల్లరాయి అని ఒక నమ్మకం ఉంది. తెల్లదాంట్లోనూ గట్టి పాకం ఉండొచ్చు, రంగు పలుకుదే గానీ పాకానిది కాదు. ఈ ఒక్క అక్షరం చూడకుండా రాయి కొనకండి. నాలుగోది 5, పలుకుల మధ్య ఎడం ఎంతో చెబుతుంది, అంకె పెద్దదైతే ఎడం ఎక్కువ. చివర వి అంటే మట్టి బాండ్, బట్టీలో కాల్చింది. మన రాళ్ళన్నీ దాదాపు ఇదే.

ఇంకో అంకె ఉంటుంది, ఎంత వేగం దాకా తిప్పవచ్చో. అది మీ మోటారు వేగం కంటే ఎక్కువ ఉండి తీరాలి. దీంట్లో బేరం లేదు.

వేగం అన్నాను కాబట్టి. మన కరెంటు 50 హెర్ట్జ్. మామూలు బెంచ్ గ్రైండర్ నిమిషానికి 2,850 చుట్ల దగ్గర తిరుగుతుంది, నెమ్మది మోటారైతే 1,440. 150 మిల్లీమీటర్ల రాయి 2,850 మీద తిరిగితే దాని అంచు సెకనుకి 22 మీటర్లు పరిగెడుతుంది. 200 మిల్లీమీటర్ల రాయి అదే మోటారు మీద 30 మీటర్లు. అదే 1,440 మీద అయితే 15. కొత్తగా కొనేవాళ్ళకి నా మాట: 200 రాయి, నెమ్మది మోటారు. ఉన్న ఆరంగుళాల గ్రైండర్ మార్చక్కర్లేదు, రాయి మారిస్తే చాలు.

పెద్ద మేస్త్రులు కొందరు అడుగుతుంటారు, గుండ్రటి రాయి మీద పడితే ఉలి వాలు లోపలికి గుంట పడి అంచు బలహీనం కాదా అని. లెక్క చూశాను. మూడు మిల్లీమీటర్ల మందం ఉలి, 25 డిగ్రీల వాలు, 150 రాయి. గుంట లోతు మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు, ఒక వెంట్రుక మందం. దానివల్ల మేలే ఉంది. ఆయిల్ రాయి మీద పెట్టినప్పుడు వాలు మడమ, అంటే వాలు వెనక చివర, ఇంకా అంచు, ఈ రెండే ఆనతాయి. ఉలి ఊగదు, నాలుగు రాపిడులకే పదును వచ్చేస్తుంది.

రాయి తెచ్చుకున్నారు. బిగించే ముందు ఒక పని. మా అమ్మ ఎండాకాలం కుండ కొనేటప్పుడు చేతిలో పట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూసేది. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే పక్కన పెట్టేది. రాయినీ అలాగే చూడాలి. పొడి రాయిని కన్నంలో వేలు పెట్టి వేలాడదీసి, స్క్రూడ్రైవర్ పిడితో, కర్ర పిడైతే మంచిది, అంచుకి రెండంగుళాల లోపల మెల్లిగా కొట్టండి. ఇదిగో... విన్నారా? గంటలా మోగింది. తిప్పి ఇంకోచోట... అదే మోత. లోపల పగులుంటే ఈ మోత రాదు. అలాంటి రాయి కొత్తదైనా సరే బిగించకండి, కొట్టువాడికి తిరిగి ఇచ్చేయండి, తీసుకోకపోతే పగలగొట్టి పారేయండి. సెకనుకి 22 మీటర్ల వేగంతో ముక్క వచ్చి తగిలితే కన్ను పోతుంది, మనిషే పోవచ్చు.

బిగించేటప్పుడు రెండు పక్కలా ఆ కాగితం ఉంచాలి, చింపకూడదు. రాయికీ ఇనుప బిళ్ళకీ మధ్య అది మెత్తగా ఉండి ఒత్తిడి సమానంగా పంచుతుంది. కన్నం వదులైతే సరైన బుష్ వేయండి, టేపు చుట్టడం, అట్టముక్క దోపడం వద్దు. ఎడమవైపు నట్టు ఎదురు మర, గడియారం ముల్లు తిరిగేవైపు తిప్పితే ఊడుతుంది. మరీ బలంగా బిగించకండి. ఉలి ఆనించే టూల్ రెస్ట్‌కీ రాయికీ మధ్య 3 మిల్లీమీటర్లు మించకూడదు. రాయి అరిగే కొద్దీ రెస్ట్ జరుపుతూ ఉండాలి. మొదటిసారి స్విచ్ వేసి, పక్కకి జరిగి, ఒక నిమిషం ఊరికే తిరగనివ్వండి. కళ్ళద్దాలు పెట్టుకోండి. మెడలో తువ్వాలు ఉంటే తీసేయండి. చేతికి గ్లవుజులు వద్దు.

ఇప్పుడు రాయి సేవ. మన ఇళ్ళల్లో తిరగళ్ళు, రోళ్ళు ఉన్న రోజుల్లో "రోళ్ళకి గంట్లు పెడతాం" అని వీధిలో కేకేస్తూ వచ్చేవాళ్ళు, గుర్తుందా? పిండి సరిగా పడటం లేదంటే రాయి నున్నబడిందని పిలిచి గంట్లు పెట్టించేవాళ్ళం. గ్రైండింగ్ రాయికీ అంతే. దీన్ని డ్రెస్సింగ్ అంటారు. వజ్రపు మొన ఉన్న డ్రెస్సర్ ఒకటి కొనుక్కోండి. తిరుగుతున్న రాయి మీద తేలిగ్గా ఆనించి ఆ చివర నుంచి ఈ చివరకి ఒక్కసారి పోనిస్తే, మొద్దు పలుకులూ ఇనుప పొడీ రాలి కొత్త ముఖం వస్తుంది. మూతికి గుడ్డ కట్టుకోండి, దుమ్ము రేగుతుంది. ఎప్పుడు చెయ్యాలి? రాయి మీద నల్ల మెరుపు కనపడ్డా, ఉలి నొక్కాల్సి వచ్చినా. నొక్కాలనిపించిందంటే డ్రెస్సర్ తీసే టైమైందని. చేసేటప్పుడు రాయి ముఖాన్ని మధ్యలో పిసరంత ఎత్తుగా ఉంచితే ఇంకా మంచిది. ఉలి వెడల్పంతా ఒకేసారి ఆనదు, ఒక చోటే ఆని జరుగుతుంది, వేడి తక్కువ.

మావయ్య ఉలి కాల్చాక నేను నేర్చుకున్న ఇంకో పద్ధతి చెబుతాను. అంచు విరిగిందనుకోండి, వాలు పట్టడం మొదలుపెట్టకండి. ముందు ఉలిని రాయికి నిటారుగా, ఎదురుగా పెట్టి అంచుని అడ్డంగా కోసేయండి, విరుపు పోయేదాకా. ఇప్పుడు అంచు దగ్గర సన్నటి వెండి గీత కనిపిస్తుంది. అక్కడ లోహం మందంగా ఉంటుంది కాబట్టి కాలదు. అప్పుడు వాలు పట్టండి. ఆ గీత సన్నబడుతూ వస్తుంది. వెంట్రుకంత మిగిలిందనగా ఆపేయండి. ఆ మిగిలిన వెంట్రుక ఆయిల్ రాయి మీద తీయాలి. చూపుడువేలు అంచుకి దగ్గరగా కింద ఆనించి ఉంచండి. వెచ్చదనం తెలియగానే నీళ్ళలో ముంచండి. ముంచి తీశాక అంచు మీద నీటిబొట్టు నిలబడుతుంది, రాయికి ఆనించినప్పుడు ఆ బొట్టుని చూస్తూ ఉండండి. అది ఆరిపోతుంటే మళ్ళీ ముంచాలి.

చెప్పు తమ్ముడూ, ఏదో అడగబోతున్నావు.

"మేస్త్రి గారూ, మెత్తటి రాయి తొందరగా అరిగిపోతుంది కదండీ. బూడిద రాయి ఏళ్ళ తరబడి వస్తుంది."

వస్తుంది. నిజమే. మావయ్య షెడ్డులో రాయి కూడా ఏళ్ళ తరబడి వచ్చింది, ఆయన ఉలి ఒక మధ్యాహ్నంలో నూలు మేర పోయింది. అరగడం ఆ రాయి చెయ్యాల్సిన పని బాబూ. అరగకపోతే కొత్త పలుకు ఎక్కడినుంచి వస్తుంది? నువ్వు రోజుకి ఎన్ని ఉలులు పడతావు, మహా అయితే నాలుగు. పద్ధతిగా వాడితే ఒక తెల్లరాయి చాలా కాలమే వస్తుంది. ఎక్కువగా తినేది గ్రైండింగ్ కాదు, డ్రెస్సర్‌ని గట్టిగా నొక్కడం. దాన్ని తేలిగ్గా పట్టు.

వెనక అన్నగారు కొండపల్లి నుంచి వచ్చారట. తెల్లపొణికి లాంటి మెత్తటి కర్రకి ఇంత పదును అవసరమా అంటున్నారు. మీకే ఎక్కువ అవసరం అన్నగారూ. గట్టి కర్ర మొద్దు ఉలినైనా ఎదిరించి తెగుతుంది. మెత్తటి కర్ర నార తెగదు, నలిగిపోతుంది. బొమ్మ ముఖం మీద ఆ నలుగుడు రంగు వేశాక కూడా కనపడుతుంది. మీరు 20 డిగ్రీల వాలు పెట్టుకోవచ్చు, మా తుమ్మకీ టేకుకీ 30 కావాలి. 20 అంటే అంచు ఇంకా పలుచన, ఇంకా తొందరగా కాలుతుంది. మీరైతే 80 పలుకు, జె పాకం తీసుకోండి. ఇక టేకు పని చేసేవాళ్ళు, ఆ కర్రలోనే ఇసకజాతి సిలికా ఉంటుంది. అందుకే పదును తొందరగా పోతుంది. మీ ఉలి మీద అనుమానపడకండి.

లేత్ మీద తరిమెన పని చేసేవాళ్ళకి ఒక్క మాట. మీ పనిముట్లు హైస్పీడ్ స్టీలైతే, అది 500 డిగ్రీలు దాటినా గట్టిదనం నిలుపుకుంటుంది. నీలం వచ్చినా కంగారు పడకండి, నీళ్ళలో మాత్రం ముంచకండి, కంటికి కనపడని పగుళ్ళు రావొచ్చు. మీకు సిబిఎన్ వీల్ మంచిది. బోరాన్, నైట్రోజన్ కలిసిన పదార్థం, 1957లో అమెరికాలో కనిపెట్టారు, వజ్రం తర్వాత అంత గట్టిది. ఖరీదెక్కువ, కానీ సైజు తగ్గదు, డ్రెస్సింగ్ అక్కర్లేదు. మెత్తటి ఇనుము పెడితే మాత్రం మూసుకుపోతుంది. వజ్రపు వీల్ గురించి కూడా అడుగుతున్నారు. అది కార్బైడ్‌కే. వజ్రం అంటే బొగ్గు జాతి, వేడిలో ఇనుము దాన్ని తనలో కలుపుకుంటుంది. చేత్తో నూరే వజ్రపు పలకకి ఆ ఇబ్బంది లేదు.

సరే, ఉలులు తెచ్చినవాళ్ళు ఇటు రండి. ముందు మీ ఉలి విరిగి ఉంది కదా బాబాయ్, దాంతోనే మొదలుపెడదాం. ఈ తొట్టి నిండా నీళ్ళు పొయ్యండి. ఎవరైనా ఆ కిటికీ తలుపు తెరవండి, వెలుతురు తక్కువైతే రంగు మారడం తెలియదు. స్విచ్ దగ్గరున్న తమ్ముడూ, అందరూ రాయికి పక్కగా జరిగాకే వెయ్యి.